అమృతం 313 అయిపోయింది, ఇప్పుడు అన్నంలోకి ఏం చూడాలి?

రాత్రిషిఫ్టు (ఆదివారం, రాత్రి 11:40)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈరోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పుణెలో ఒక్కడినే ఉంటాను. ఏడాదిగా రోజూ రాత్రి కంచంలో అన్నం పెట్టుకుని, ఫోన్‌ని నీళ్ల బాటిల్‌కి ఆనించి, యూట్యూబ్‌లో పాత కామెడీ సీరియల్ అమృతం ఒక్క ఎపిసోడ్ చూసేవాణ్ణి. రెండోది చూడకూడదని నాకు నేనే పెట్టుకున్న రూలు. 300 దాటాక రోజు విడిచి రోజు చేశాను. 310 దగ్గర మూడు వారాలు ఆగిపోయాను, చూసేసినవే మళ్లీ చూస్తూ. నిన్న ఎందుకో ధైర్యం చేసి 313 పెట్టేశాను.

ఇవాళ అన్నం వడ్డించుకుని, బాటిల్ ఎదురుగా పెట్టుకుని, ఫోన్ తీశాక గుర్తొచ్చింది. ఇంక లేవు. గోడ చూస్తూ పెరుగన్నం తిన్నాను.

నాకు అర్థం కానిది ఒకటే. అందులో ఏడిపించే కథ లేదు కదా. ఎవరూ చావరు, ఎవరూ విడిపోరు. అమృతం, ఆంజనేయులు కలిసి ఏదో అతితెలివి పథకం వేస్తారు, అది బెడిసికొడుతుంది, ఇంటి ఓనర్ అప్పాజీ చేతిలో తిట్లు తింటారు. వచ్చే వారం వాళ్ల హోటల్ అమృతవిలాస్ మళ్లీ మామూలే. అలాంటిది అయిపోయిందని ఇంత దిగులేంటి? మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా? ఏ సీరియల్‌కి?

ఉప్మా_వ్యతిరేకి (రాత్రి 11:52)

ఇందులో ఆలోచించడానికేముంది అన్నా. మళ్లీ 1 నుంచి. నాది నాలుగో రౌండు.

రాత్రిషిఫ్టు (రాత్రి 11:58)

పెట్టాను తమ్ముడూ. రెండు నిమిషాలకే ఆపేశాను. వాళ్లకి జరగబోయేవన్నీ నాకు తెలుసు, వాళ్లకే తెలీదు. అదేదో మోసం చేస్తున్నట్టు అనిపించింది.

మేడమీద_యాంటెన్నా (సోమవారం, ఉదయం 6:15)

ఓదార్పు తర్వాత. ముందు ఒక సంగతి తేలాలి. ఆ వేషం ముగ్గురు వేశారు కదా, నీ అమృతం ఎవరు? శివాజీరాజానా, నరేషా, హర్షవర్ధనా?

ఉప్మా_వ్యతిరేకి (ఉదయం 6:40)

హర్షవర్ధన్. ఇందులో చర్చ లేదు.

మేడమీద_యాంటెన్నా (ఉదయం 6:41)

చర్చ ఉంది. శివాజీరాజా మొహంలో ఉండే ఆ అమాయకత్వం తర్వాత ఎవరికీ రాలేదు. హర్ష అమృతం కొంచెం తెలివైనవాడిలా కనిపిస్తాడు. అమృతం అలా కనిపించకూడదు.

గోదారి_గట్టు (ఉదయం 7:05)

నరేష్‌ని ఎవరూ తలుచుకోరేం పాపం.

మోడరేటర్ (ఉదయం 7:30)

ముగ్గురు అమృతాల గొడవకి వేరే థ్రెడ్ ఉంది. అక్కడికెళ్లి కొట్టుకోండి. ఇక్కడ బాధలో ఉన్న మనిషి ఉన్నాడు.

అత్తగారి_రిమోట్ (ఉదయం 10:20)

వంట అయ్యింది, పిల్లలు బడికి వెళ్లారు, తీరిగ్గా రాస్తున్నా.

మాది రాజమండ్రి. మా అత్తగారికి 7:30 అంటే కార్తీకదీపం. 2017 అక్టోబర్‌లో మొదలైంది, అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. ఆ అరగంటలో ఫోన్ చేసిన బంధువులంటే ఆవిడకి నచ్చేది కాదు. నేను చూసేదాన్ని కాదు, వంటింట్లోంచి వినేదాన్ని. ఐదేళ్లు విన్నాను. హీరోయిన్ వంటలక్క గొంతు వింటే ఏ గదిలో నిలబడి మాట్లాడుతోందో చెప్పగలను.

2022 మార్చిలో హీరో డాక్టర్ బాబుని, వంటలక్కని కారు ప్రమాదంలో చంపేశారు కదా. లోయలో పడిపోయింది కారు. ఆ రాత్రి ఆవిడ అన్నం వద్దన్నారు. మజ్జిగ తాగి పడుకున్నారు. మర్నాడు మా ఆయనతో, "ఇంతమంది ఉసురు ఊరికే పోదురా" అన్నారు. ఎవరికి తగులుతుందో చెప్పలేదు. తర్వాత వాళ్ల కూతుళ్లు హిమ, శౌర్య పెద్దవాళ్లయిపోయిన కథ నడిపించారు. ఆవిడ చూశారు గానీ, పరాయి ఇంటికి పేరంటానికి వెళ్లినట్టు కూర్చునేవారు. రేటింగ్ పడిపోయిందో ఏమో, ఆగస్టులో ఇద్దరినీ బతికించి తీసుకొచ్చారు. అత్తగారు సంతోషిస్తారనుకున్నాం. "నేను ముందే చెప్పానా" అని మా అందరి మీదా గెలిచినట్టు చూశారు, అంతే.

2023 జనవరి 23న నిజంగా అయిపోయింది. 1569 ఎపిసోడ్లు. ఆవిడ దగ్గర కూర్చోవాలని మా ఆయన ఆఫీసు నుంచి త్వరగా వచ్చారు. ఆవిడ కంట చుక్క నీరు రాలేదు. టీవీ కట్టేసి, పాలు తోడుపెట్టడానికి లేచారు. నాకప్పుడు అనిపించింది, ఏడవాల్సిందంతా ఆవిడ మార్చిలోనే ఏడ్చేశారు. ఒకసారి చంపి బతికించినవాళ్ల కోసం మనిషి రెండోసారి ఏడవలేదు. ఆవిడకి రావాల్సిన ముగింపు ఎప్పుడో వచ్చేసింది, చానల్‌వాళ్లే పది నెలలు ఆలస్యంగా వచ్చారు.

ఏడ్చింది నేను. వంటింట్లో. ఎప్పుడూ చూడని సీరియల్‌కి. మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తారు ఆ విషయం ఎత్తి.

మర్నాడే అదే 7:30కి బ్రహ్మముడి మొదలైంది. అత్తగారు వారం రోజులు టీవీ పెట్టలేదు. "ఎవరో కొత్తపిల్లట, నాకు తెలీదు" అన్నారు. నెల తిరిగేసరికి అందులో విలన్ రుద్రాణిని తిడుతున్నారు. అలా బయటపడ్డాం బాబూ మేము.

కరెంటుపోయింది (ఉదయం 11:02)

అక్కా, 2020లో మా ఇంట్లో యుద్ధం గుర్తొచ్చింది. ఆ ఏడాది ఐపీఎల్ రాత్రి మ్యాచ్‌లు 7:30కి మార్చారు. 7:30కే డాక్టర్ బాబు. ఇంట్లో ఒకటే టీవీ. మా అమ్మ ఓడిపోయిందని మాత్రం అనుకోకండి.

లెక్కల_మాస్టారు (మధ్యాహ్నం 1:10)

చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది. ఎపిసోడ్ 22 నిమిషాలు వేసుకున్నా 313 అమృతాలకి 114 గంటల పైన. కార్తీకదీపం 1569 అరగంటలు, అంటే ప్రకటనలతో కలిపి 784 గంటలు, తిండీ నిద్రా మానేసి చూస్తే 32 రోజుల పైన. ఈ టైమ్‌లో వీణ నేర్చుకోవచ్చు. అయిపోయినందుకు ఏడవడం కాదు, సంతోషించాలి. మొగలిరేకులు 1368, చక్రవాకం 1111, ఒక తరం తరం జెమినీ టీవీకి అంకితమైపోయింది.

గోదారి_గట్టు (మధ్యాహ్నం 1:16)

మాస్టారూ, 1368, 1111 అని ఎక్కడా వెతక్కుండా ఎలా చెప్పారు?

లెక్కల_మాస్టారు (మధ్యాహ్నం 1:31)

అంకెలు గుర్తుంటాయి. వృత్తి.

గోదారి_గట్టు (మధ్యాహ్నం 1:32)

మొగలిరేకులు ఆఖరి రోజు ఏది?

లెక్కల_మాస్టారు (మధ్యాహ్నం 1:33)

2013 మే 24, శుక్రవారం. ట్యూషన్ ఉంది, వెళ్తున్నాను.

ఉప్మా_వ్యతిరేకి (మధ్యాహ్నం 1:34)

మొగలిరేకులు ఆర్.కె. నాయుడు అభిమాని దొరికిపోయాడు 😂

పాత_దూరదర్శన్ (సాయంత్రం 4:45)

మాస్టారిని వదిలెయ్యండి. మాది ఋతురాగాలు తరం. ఆ సీరియల్ తీసిన మంజులా నాయుడే తర్వాత చక్రవాకం, మొగలిరేకులు తీశారని మీలో చాలామందికి తెలుసు కాబట్టి దాని గురించి పొడిగించను. మా కష్టం వేరు. అప్పుడు అయిపోతే అయిపోయినట్టే. యూట్యూబ్ లేదు, సీడీ లేదు. ఒకరోజు కరెంటు పోతే ఆరోజు కథ జన్మకి పోయినట్టే, పక్కవీధిలో కరెంటున్న వాళ్లని అడిగి తెలుసుకోవాలి. వాళ్లు చెప్పే కథలో వాళ్ల అభిప్రాయాలు కలిసిపోయేవి. ఒకే సీరియల్‌ని మా వీధి ఒకలా, వెనకవీధి ఒకలా చూసిందని నా నమ్మకం.

రాత్రిషిఫ్టు అడిగిన దానికి నాకు తోచింది చెప్తాను. పెళ్లి అయితేనో, విలన్ జైలుకెళ్తేనో మనసు సర్దుకుంటుంది, పని పూర్తయిందని. అమృతంలో ఏ పనీ పూర్తవదు. వాళ్లిద్దరూ ఇంకా అప్పాజీ ఇంట్లోనే ఉన్నారు, హోటల్ ఇంకా అలాగే ఈగలు తోలుకుంటూ ఉంది. వాళ్లెక్కడికీ పోలేదయ్యా. ఖాళీ చేసి వచ్చింది నువ్వు. ఆ ఇంట్లో ఏడాదిగా అద్దెకున్నది నువ్వు.

రాత్రిషిఫ్టు (సాయంత్రం 6:20)

ఈ మాట చదివి ఆఫీసు క్యాంటీన్‌లో కాసేపు అలా కూర్చుండిపోయానండి.

చలికోటు (రాత్రి 8:05)

న్యూజెర్సీ నుంచి. నాకు అమృతం రెండుసార్లు అయిపోయింది.

మొదటిసారి 2007 నవంబర్‌లో, అందరితో పాటే. అప్పుడు విజయవాడలో ఇంటర్ చదువుతున్నాను. ఆరేళ్లు ప్రతి ఆదివారం చూసి కూడా పెద్దగా పట్టించుకోలేదు. ఎంసెట్ టెన్షన్.

రెండోది 2018 ఫిబ్రవరి 19. మన ఆంజనేయులు, అదే అంజి, గుండు హనుమంతరావుగారు పోయారని ఇక్కడ ఆఫీసులో ఉండగా ఫోన్‌లో చూశాను. పక్క సీటు అమ్మాయికి ఎలా చెప్పాలో తెలియలేదు. మా దేశంలో ఒక నటుడు పోయారంటే, "పెద్ద స్టారా?" అంది. కాదు. హీరో కాదు, విలన్ కాదు, ఆదివారం రాత్రి మా ఇంట్లో ఉండే మనిషి. ఆ మాట ఇంగ్లీషులో చెప్తే అది సరిగ్గా రాలేదు, ఊరుకున్నాను. అమృతాలు ముగ్గురు మారారు గానీ నా మనసులో అంజి ఒక్కడే. బహుశా ఆ సీరియల్ నిలబడింది ఆయన మీదే.

అప్పటినుంచి ఏ ఎపిసోడ్ పెట్టినా ఆయన మొదటిసారి తెరమీదకి వచ్చే క్షణం ఒకటి ఉంటుంది. అది దాటాలి. దాటితే మళ్లీ నవ్వొచ్చేస్తుంది. 2020 ఉగాదికి జీ5లో దాని రెండో భాగం అమృతం ద్వితీయం వచ్చింది, సరిగ్గా దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. ఎల్బీ శ్రీరామ్‌గారంటే నాకు ప్రాణం. అయినా ఆయన్ని అంజిగా చూడలేక ఆపేశాను. తప్పు ఆయనది కాదు.

సీతారామశాస్త్రిగారు 2021లో పోయాక టైటిల్ పాట కూడా దాటాల్సిన వాటిలో చేరింది. కష్టాల్ని ఇంత తేలిగ్గా తీసుకోమని రాసిన మనిషి కూడా పోతారా అనిపించింది.

తాళంచెవులు (రాత్రి 8:30)

నాది తెలుగు సీరియల్ కాదు, ఏమీ అనుకోకండి. ఫ్రెండ్స్, 236 ఎపిసోడ్లు, హాస్టల్ లాప్‌టాప్‌లో. ఆఖర్న ఆరుగురూ తాళంచెవులు బల్లమీద పెట్టేసి ఖాళీ ఫ్లాట్ చూస్తూ నిలబడతారు. మేము రూమ్ ఖాళీ చేసిన రోజు మేము కూడా అలాగే పెట్టాం. వార్డెన్ వచ్చి ఒక తాళంచెవి తక్కువైందని 200 రూపాయలు కట్టించుకున్నాడు.

క్లాప్‌బోర్డు (రాత్రి 10:15)

ఇది చదివి ఊరుకోలేకపోతున్నా. డైలీ సీరియళ్లకి నాలుగేళ్లు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశాను. ఏ సీరియలో చెప్పను, అడక్కండి.

"చివర్లో అంత హడావుడిగా ముగించారేంటి" అని అందరూ అడుగుతారు. ముగించరండీ, ఆపుతారు. గురువారం రేటింగులు వస్తాయి. సెట్‌లో గురువారం టీ కూడా ఎవరూ సరిగ్గా తాగరు. నాలుగైదు గురువారాలు వరుసగా బాగాలేకపోతే ఫోన్ వస్తుంది, ఆ టైమ్ కొత్త సీరియల్‌కి ఇస్తున్నాం, ఇన్ని ఎపిసోడ్లలో తేల్చేయండి అని. మాకు మొదట పన్నెండు అన్నారు. రెండు రోజులకి తొమ్మిది అన్నారు. మూడేళ్లు నడిపిన ఆస్తి తగాదా, ఎవరికీ చెప్పకుండా దాచిన పుట్టుక రహస్యం, జైలుకెళ్లాల్సిన ఆడపడుచు, విదేశాల్లో ఉన్నాడని చెప్పి మేమే మర్చిపోయిన పెద్దకొడుకు, అన్నీ తొమ్మిదిలో సర్దాలి. ఆడపడుచు మారడానికి సగం ఎపిసోడ్ దొరికింది. దేవుడి గదిలో నిలబడి ఏడ్చి మారిపోయింది. పెద్దకొడుకు ఇప్పటికీ విదేశాల్లోనే ఉన్నాడు.

సినిమావాళ్లకి షూటింగ్ ఆఖరి రోజు గుమ్మడికాయ కొట్టడమంటే పండగ. మాకు ఆ రోజు పొద్దున్న ఇడ్లీ తింటుంటే ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి, సాయంత్రం గుమ్మడికాయ అని చెప్పి వెళ్లాడు. హాల్లో గోడకి మామగారి ఫోటో, దానికి దండ ఉండేది. కథలో ఆయన పోయి రెండేళ్లు. ఆ నటుడు నిక్షేపంగా ఉన్నాడు, పక్క ఫ్లోర్‌లో వేరే సీరియల్‌లో ఇంకొకరికి మామగారు. సంగతి తెలిసి బ్రేక్‌లో వచ్చాడు. కుర్చీ ఎక్కి తన ఫోటో తనే దించుకుని, దండ తీసి, దుమ్ము తుడిచి, "ఇది నేను పట్టుకుపోతానురా" అన్నాడు. అందరం నవ్వాం. అత్తగారి వేషం వేసినావిడ మాత్రం నవ్వలేదు. రెండేళ్లు రోజూ పొద్దున్నే ఆ ఫోటోకి దండం పెట్టి సీన్ మొదలుపెట్టింది ఆవిడే కదా.

నా దగ్గర కంటిన్యుటీ పుస్తకం ఉండేది. ఎవరు ఏ చీర, ఎన్ని గాజులు, బొట్టు ఏది, అన్నీ రాయాలి, తర్వాతి సీన్ కోసం. ఆఖరి షాట్ అయ్యాక చేయి ఆగలేదు. "హీరోయిన్, ఆకుపచ్చ చీర, ఎడమచేతికి కట్టు" అని రాసేశాను. తర్వాతి సీన్ లేదు. ఆ పుస్తకం ఇంట్లోనే ఉంది. మీరు టీవీ ముందు ఏడ్చారు, మాకు ఏడవడానికి కూడా టైమ్ ఇవ్వలేదు. రాత్రి పదికల్లా ఇల్లు ఖాళీ చేయాలి, మర్నాడు వేరే యూనిట్.

అత్తగారి_రిమోట్ (రాత్రి 10:40)

ఆడపడుచు సగం ఎపిసోడ్‌లో మారిపోయినందుకు మా అత్తగారి తరఫున నేను క్షమించట్లేదు. మిగతాదంతా చదివి వినిపించాను. ఫోటో దగ్గర ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సీమ_చిన్నోడు (మంగళవారం, ఉదయం 7:50)

అందరూ సీరియల్ అయిపోతే ఏంటి పరిస్థితి అని రాస్తున్నారు. చూసేవాళ్లు ముందే అయిపోతే?

మాది ప్రొద్దుటూరు. మా అవ్వ ఈటీవీలో అభిషేకం చూసేది. 2008 డిసెంబర్‌లో మొదలైంది, నేనప్పుడు ఐదో తరగతి. మధ్యాహ్నం అన్నం తిని, వక్క నోట్లో వేసుకుని, గోడకి ఆనుకుని కూర్చునేది. నేను బడి నుంచి రాగానే ఆరోజు ఏం జరిగిందో చెప్పేది. నాకు అక్కర్లేదని చెప్పినా చెప్పేది. పదేళ్లు అలా విన్నాను. ఒక్క పాత్ర మొహం తెలీదు, అందరి బుద్ధులూ తెలుసు.

2019లో అవ్వ పోయింది. ఆ సీరియల్ అలాగే నడుస్తూ ఉంది. అది నాకు చాలా కోపం తెప్పించిన విషయం, ఎందుకో చెప్పలేను. అటువైపు వెళ్లడమే మానేశాను. 2022 ఫిబ్రవరి 1న ఆఖరి ఎపిసోడ్ అని ఎక్కడో చదివాను. 4000 ఎపిసోడ్లు. తెలుగులో అన్నేళ్లు నడిచింది ఇంకోటి లేదన్నారు. ఆరోజు సెలవు పెట్టి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, గోడకి ఆనుకుని కూర్చుని చూశాను. ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక్క ముక్క అర్థం కాలేదు. అవ్వ పోయాక మూడేళ్ల కథ నాకు తెలీదు కదా. అయినా శ్రద్ధగా చూశాను, ఎవరేం చేశారో పేర్లతో సహా. ఎవరైనా అడిగితే చెప్పగలగాలి.

ఎవరూ అడగలేదు. మూడేళ్ల తర్వాత ఇక్కడ రాస్తున్నా.

గోదారి_గట్టు (ఉదయం 8:15)

నేను అడుగుతున్నా తమ్ముడూ. ఆఖర్న ఏమైంది?

సీమ_చిన్నోడు (ఉదయం 8:22)

ప్రైవేట్ మెసేజ్ పంపాను అన్నా. పెద్దగా ఉంటుంది.

లెక్కల_మాస్టారు (ఉదయం 9:00)

నాకూ పంపు బాబూ.

రాత్రిషిఫ్టు (మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:05)

ఎవరైనా ఇంకా ఈ థ్రెడ్ చూస్తున్నారో లేదో. ఒక చిన్న అప్‌డేట్.

ఇక్కడ రాసిన వారంలోనే తెనాలిలో నాన్నకి ఫోన్ చేసినప్పుడు మాటల్లో చెప్పాను, అమృతం అయిపోయింది, ఏం తోచట్లేదు అని. ఆయన "ఊఁ" అన్నారు, కరెంటు బిల్లు గురించి మాట్లాడి పెట్టేశారు. మేము అలాగే మాట్లాడుకుంటాం. నాలుగు రోజుల తర్వాత రాత్రి తొమ్మిదికి ఆయనే ఫోన్ చేశారు. ఆయన చేయడం అరుదు, నాకు భయమేసింది. "ఏరా, ఆ అప్పాజీ ఇంటి సంగతి విన్నావా" అని మొదలుపెట్టారు. స్మార్ట్ టీవీలో 1 నుంచి పెట్టుకున్నారట. నేను చూశానన్న సంగతే మర్చిపోయి మొత్తం ఎపిసోడ్ చెప్పారు, నవ్వు రావాల్సిన చోటుకి రాకముందే ఆయనే నవ్వేస్తూ.

అప్పటినుంచి రోజూ తొమ్మిదికి ఫోన్. రోజుకి రెండు చూస్తున్నారు, రూలూ గీలూ లేదు. ఈరోజు 29, 30 అయ్యాయి. కథలో సగం తప్పు చెప్తారు, హోటల్లో పనిచేసే సర్వం చేసింది అంజి మీదకి తోసేస్తారు. నేను సరిచేయను. స్పీకర్ పెట్టి, ఫోన్‌ని బాటిల్‌కి ఆనించి, వింటూ తింటున్నా.

మేడమీద_యాంటెన్నా (రాత్రి 10:09)

నాన్నగారి అమృతం ఎవరో కనుక్కున్నావా?

రాత్రిషిఫ్టు (రాత్రి 10:12)

శివాజీరాజా అట. నేను హర్షవర్ధన్ అన్నాను. "నీ మొహం" అని ఫోన్ పెట్టేశారు. రేపు చేస్తారో లేదో.